కుండలో కలరా మందు

కోడుమూరు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. పిల్లలు జవాబు చెప్పకపోతే పంతులుగా నా ఉద్యోగం ఊడుతుంది. పదార్థమంతా కంటికి కనబడని కణాలేనని చూపించడానికి, కలరా రోజుల్లో బావుల్లో వేసే మందు పలుకు ఒకటి తెచ్చాను. దాని పక్కన ఆవగింజ పెడితే ఏనుగే. ఆ పలుకును బడి నీళ్లకుండలో వేసి కలిపితే కుండెడు నీళ్లూ గులాబీ రంగుకు తిరిగాయి.

"చూశారా, ఒక్క పలుకులో ఎన్ని కణాలుంటే ఇంత రంగొస్తుంది!" అన్నాను.

ఆ రంగు నీళ్లు కనబడ్డాయంటే ఊళ్లో కలరా ఉన్నట్టే. పిల్లలు పలకలు పారేసి ఇళ్లకు పరుగెత్తారు. నేను చెప్పులు తొడుక్కునేలోగా సగం ఊరు బండ్లు కట్టింది. మిగతా సగం బండ్లు దొరక్క నన్ను తిట్టింది.

నేను బండ్ల వెంట పరుగెత్తేసరికి ఇన్‌స్పెక్టరు బండి ఎదురొచ్చింది.

"యాడికి పోతాండారప్పా?" అని అడిగాడు ఆయన బండివాడు.

"కలరా వచ్చిండాది! మా పంతులు నీళ్లల్లో మందేసినాడు," అంది నా శిష్యురాలొకతి బండిమీది నుంచి.

"ఎంత వేశాడమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక్క పలుకే సార్. దాంట్లో కంటికి కనపడని కణాలు శానా ఉండాయంట."

"పాఠం బాగా వచ్చింది. పంతులు ఉండవచ్చు," అంటూనే ఇన్‌స్పెక్టరు బండిని వెనక్కి తిప్పించాడు.