ఖాళీ బోనం

కిష్టమ్మ కూతురు బాలమణి తట్టు పోసి చనిపోయినప్పుడు, వలస కూలీలుండే కామాఠిపురా చాళ్లో అందరూ "అమ్మ తీస్కపోయింది" అన్నారు. కిష్టమ్మ నమ్మలేదు. అమ్మవారి మీద పడిన ఆ నింద ఎవరిదో ఆమెకు తెలుసు.

గల్లీ మొదట్లో సర్కారు బాల్వాడీ ఉండేది. కూలీల పిల్లలకు రోజూ పొద్దున పొడి కలిపి పాలు పోసేవారు. పిల్ల అక్కడే కూర్చుని తాగాలి, ఇంటికి ఇవ్వకూడదు. అది పైనుంచి వచ్చిన నియమం. మిల్లుల సమ్మెలో మగడి పని పోయాక, ఆ వేళకు కిష్టమ్మ వర్లిలో ఇటుకలు మోస్తుండేది. బాలమణి అక్కడే ఇసుక కుప్ప మీద ఎండను తాగుతూ చిక్కిపోతుండేది.

"పొద్దుమీకి, నేను పనికెల్లి వచ్చినంక పోస్తే తాగుతది గద అన్నా," అని బాల్వాడీ నడిపే శంకర్రావును ఎన్నోసార్లు బతిమాలింది.

"సర్కారు రూలు. నీ పోరి కోసం మంత్రిని పిల్చుకరావాల్నా?" అని అతను నవ్వేవాడు.

పిల్ల పోయాక, పక్క ఖోలీలో ఉండే మల్లమ్మ చెవిలో వేసింది. "మిగిలిన పాలపొడి ఏడికి పోతుందో ఎర్కేనా? నాగ్‌పాడా చాయ్ హోటల్‌కు. మన పోరలకు రూలు, ఆళ్ల చాయ్‌కు మీగడ!"

కిష్టమ్మ ఏడవలేదు. కడుపులో నిప్పుకణికకు బూడిద కప్పి, ఆషాఢం దాకా కాపాడుకుంది.

పోచమ్మ బోనాల నాడు, బోనమెత్తిన ఆడది గడప ముందు ఆగితే ఆ ఇంటిపెద్ద ఆమె కాళ్లు కడగాలి. పూనకంలో అమ్మ ఏది అడిగితే అది ఇవ్వాలి. ఆ పొద్దు ఇంటింటా బెల్లపన్నం ఉడికింది. కిష్టమ్మ తలుపు మూసుకుని కుండకు పసుపు రాసింది, వేపాకు కట్టింది, మూత మీద దీపం పెట్టింది. లోపల ఏమీ పెట్టలేదు. ఇటుకలు మోసిన ఆ మెడకు ఏ బరువూ ఆ ఖాళీ కుండంత బరువనిపించలేదు.

డప్పులు మోగాయి. అమ్మ ఒంటి మీదికి వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. 'రాకుంటే రాకపాయె, నేనే వస్త' అనుకుని, జుట్టు విరబోసుకుని, బాల్వాడీ పక్కనే ఉన్న శంకర్రావు గడప ముందు ఆగింది.

శంకర్రావు చెంబుతో పరుగెత్తుకొచ్చాడు. పాలు పొయ్యని చేతులు ఆమె కాళ్ల మీద నీళ్లు పోశాయి.

"ఏం గావాలె తల్లీ? కోడా, సారెనా?"

"నా బోనం నింపు."

కుండ దించి మూత తీసింది. డప్పులు ఆగిపోయాయి. ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు.

"బియ్యం తేండి!" అని అతను లోపలికి కేకేశాడు.

"బియ్యం గాదు, పాలు. పోరల నోటికాడి పాలపొడి హోటల్‌కు అమ్ముకుంటివి. ఆకలి తిన్న పిల్లను నేను తిన్నన్నరు. నా మీదేస్తర్రా నింద? బాల్వాడీ తలుపు తియ్!"

శంకర్రావు నోరు తెరిచాడు. 'ఇది అమ్మ కాదు, కిష్టమ్మే' అనాలి. కానీ ఇప్పుడే కాళ్లు కడిగి తల్లీ అన్నది తనే. గల్లీ అంతా అతని చేతులవైపే చూస్తోంది. తాళం తీశాడు.

గోడ పొడవునా పాలపొడి సంచులు. మల్లమ్మ గంగాళంలో పాలు కలిపింది. పొద్దుగూకే దాకా పిల్లల మూతులు తెల్లగా వెలిగాయి. నిండిన బోనాన్ని కిష్టమ్మ బాలమణి పడుకునే మూలలో పెట్టింది.

సర్కారు నియమం మారలేదు. ఆ గల్లీలో మాత్రం పాలు పొద్దుమీకి కూడా పోశారు. శంకర్రావుకు భయం.

అయినా కిష్టమ్మ చల్లారలేదు. ప్రతి ఆషాఢం ఖాళీ కుండతో అతని గడప ముందే ఆగేది. మోకాళ్లు పట్టేసినా అతను వంగి నీళ్లు పోసేవాడు. వంగిన ఆ మెడను తనివితీరా చూసి, ఆమె రెండో పాదం ముందుకు జరిపేది.

"ఇంకిన్ని నీళ్లు పొయ్ శంకర్రావు. ఇంకా సల్లగ గాలే."