ఆదిశేషమ్మ పస్తు పెట్టిన పెట్టెలు

ఆదిశేషమ్మ ఎవరినీ ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. పాలవాడి బిందెలో వేలు ముంచి చూస్తుంది. ఎవరైనా నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పనిబడిందా అని ఆలోచిస్తుంది. మొగుడు పోయాక బోగోలు దాటి కాలవ వంతెన మొదట్లో దోసెల అంగడి పెట్టింది. రొయ్యల లారీల డ్రైవర్లను నమ్ముకునే కొడుకు పెంచల్‌ను పెంచింది. ఇప్పుడు వాడూ ఆ లారీల్లో ఒకటి తోలుతున్నాడు.

పోయిన ఏడు ఎవరో వచ్చి వంతెన కింద తెల్ల పెట్టెలు బిగించి పోయారు. వాటికి తీగ లేదు. బ్యాటరీ మార్చే మనిషీ రాడు. తిండీ కూలీ అడగకుండా పనిచేసేదంటే ఆదిశేషమ్మకు అనుమానమే. లారీల బరువు పట్టుకుని వంతెన మూయించడానికే వాటిని పెట్టారని తేల్చేసింది. వంతెన మూస్తే లారీలు వేరే దారి పడతాయి, ఆమె పొయ్యి ఆరిపోతుంది.

అప్పటినుంచి దోసె వడ్డిస్తూ ప్రతి డ్రైవరు చెవిలోనూ వేసేది.

"అబ్బయ్యా, వంతెన మీద దడదడలాడిస్తా పోబాక. కింద పెట్టెలుండాయి, అదిరితే బరువు పసిగడతాయి. మెల్లంగా పో."

ఆమె చేతి ఎర్రకారం తిన్నవాళ్లు ఆమె మాట తీసెయ్యలేదు. లోడు లారీలన్నీ నడక నేర్చే పిల్లల్లా వంతెన దాటసాగాయి. పెంచల్ అందరికంటే మెల్లగా పోయేవాడు.

ఒకనాడు ఎవాంజెలిన్ అనే ఇంజనీరు జీపు దిగి అంగడికి వచ్చింది.

"పెట్టెలు మూగబోయినాయి పెద్దమ్మా. వంతెన అదురుతోనే వాటికి కరెంటు పుడుతుంది. ఇక్కడ లారీలు ఎందుకో పాకుతా పోతున్నాయి."

"అవి చూసేది లారీల బరువు కదా?"

"లారీలతో వాటికేం పని? వంతెన ఆరోగ్యం చూస్తాయి. వరదకి స్తంభాల కింద ఇసక కోసుకుపోయిందేమోనని మా భయం."

ఆదిశేషమ్మ నమ్మలేదు. కానీ ఆ భయం మాత్రం ఆమెకూ పట్టుకుంది. రోజూ ఆ వంతెన మీద పోయేది పెంచలే. మర్నాడు డ్రైవర్లందరికీ, పెట్టెలకు కరెంటు పుట్టేలా మునుపటి మాదిరే దడదడలాడిస్తా పొమ్మని ముఖం చిట్లించుకునే చెప్పింది.

సాయంత్రానికి పెట్టెలు మేలుకున్నాయి. మళ్లీ అంగడికి వచ్చిన ఎవాంజెలిన్ ఫోనులో వాటి లెక్కలు చూసి గబుక్కున లేచింది.

"నడిమి స్తంభం కుంగుతోంది పెద్దమ్మా. బండ్లు ఆపాల. నేను అవతలి గట్టుకి ఫోను చేస్తా."

ఆదిశేషమ్మ అనుకున్నట్టే అయింది, పెట్టెలు వంతెన మూయించాయి. ఇన్నాళ్లూ వాటి నోరు మూయించింది మాత్రం తనే. ఆ కుంగే స్తంభం మీదుగానే కొడుకు రోజూ పోయొచ్చాడు. అంతలో వాడి లారీయే వస్తూ కనిపించింది. ఆమె దోసెల బల్లను ఈడ్చుకొచ్చి రోడ్డుకు అడ్డం వేసింది.

"తప్పుకో మా, రొయ్యలు చెడిపోతాయి" అన్నాడు పెంచల్, కిటికీలోంచి తల బయటపెట్టి.

"వెనక్కి తిప్పరా. పెట్టెలు చెప్పినాయి" అంది ఆదిశేషమ్మ.