ఎనిమిదో చోటు

నిన్న పొద్దున్న ఎనిమిదింటికి షాహిదా భర్త ఫోన్ చేశాడు. "అక్కా, షాహిదా ఇక లేదక్కా" అన్నాడు. గుండెపోటు.

నాకు అర్థం కాలేదు. పదింటికి మా ఇంటికి రావాల్సిన మనిషి కదా.

ఫోన్ పెట్టేసి నేను మొదట చేసిన పని, ముందు గదిలో ఫ్యాన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవడం. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ చాలా భయం వేసింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. షాహిదా ఇక్కడే అనకాపల్లిలో, మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపేది. పాస్‌పోర్ట్ ఫొటోలు, పెళ్లిళ్లు.

ఈ సీజనంతా మునగపాక వెళ్లి బెల్లం వండే చోట ఫొటోలు తీసింది. మాటల్లేకుండా, పన్నెండు ఫొటోలతో అక్కడి ఒక రోజును కథగా చెప్పాలని. ఫొటో ఎస్సే. ఆదివారం లైబ్రరీ హాల్లో పెట్టాలి.

స్టూడియోలో చోటు చాలక ప్రింట్లన్నీ మా ముందు గదిలో నేల మీద పరిచింది. వరుస మార్చడం, నిలబడి చూడడం, మళ్లీ మార్చడం. పది రోజులు అదే పని.

నేను ఉండబట్టలేక వెనకాల పెన్సిల్‌తో నెంబర్లు వేయబోయాను.

"నీ పప్పు డబ్బాలేటి వదినా ఇవి, లేబుళ్లు అంటించీడానికి? ఆగు, ఇంకా కుదర్లేదు" అంది.

ఆగాను. జీవితంలో ఆ ఒక్కసారే ఆగాను.

ఇప్పుడు కిటికీలన్నీ మూసి, తలుపు దగ్గర కాపలా కూర్చున్నాను. ఆ వరుసను ఫోన్‌లో నాలుగుసార్లు ఫొటో తీసుకున్నాను. అయినా భయం తగ్గలేదు.

ఎందుకంటే ఎనిమిదో చోటు ఖాళీ.

అక్కడ పెట్టడానికి రెండు ఫొటోలు మిగిలాయి. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే పైడమ్మ నవ్వు ఒకటి. మరిగే పాకం పడి కాలిన ఆమె చెయ్యి ఇంకొకటి. మొన్న సాయంత్రం ఏది పెట్టమంటావని షాహిదా అడిగితే, నవ్వే అన్నాను.

"నువ్వా సెయ్యి వేపు సూడ్డమే లేదేటి వదినా?"

"భయమేత్తంది" అన్నాను.

నవ్వింది. "రేపొచ్చి సెప్తాను" అని చెప్పులు వేసుకుంది.

నిన్న సాయంత్రమే ఆమెకు మట్టి ఇచ్చి వచ్చారు. ఇక ఎవరిని అడగాలి? తప్పు పెడితే ఆమె కథ నా చేతుల్లో పాడవుతుంది.

ఇందాక ధైర్యం చేసి మొదటి నుంచి ఒక్కొక్కటీ చూశాను. ఏడో ఫొటోలో అందరూ నవ్వుతున్నారు. తొమ్మిదో దాంట్లో ఒక్కరూ నవ్వడం లేదు. పైడమ్మ చెయ్యి కొంగులో చుట్టి ఉంది.

పది రోజులు ఆ గదిలో ఉండి కూడా నేను అది చూడలేదు.

చెయ్యే పెట్టాను. వెనకాల ఎనిమిది అని వేశాను. అంకె వంకరపోయింది.

ఆదివారం అందరూ రండి.

షాహిదా, కుదిరిందనే అనుకుంటున్నాను. తప్పయితే తిట్టుకో.

ఆ అల్లా నీకు భయం లేని నిద్ర ఇవ్వాలి.