పిలవని కోర్టు

మొన్న సోమవారం గుంటూరు కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఎదురు సందులో మిరపకాయల బస్తాలు దింపుతున్నట్టున్నారు, గాలి నిండా ఘాటు. లోపలి నుంచి బంట్రోతు వచ్చి గుమ్మంలో నిలబడి ఒక పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి గొంతు పెంచి పిలిచాడు. ఆ పేరు నాది కాదు, నాకు తెలిసినవాళ్ళదీ కాదు. అయినా లేచి నిలబడ్డాను. "ఏం పెద్దాయనా, నువ్వేనా?" అన్నాడు. కాదన్నాను. మరి కూర్చోమని కసిరాడు. నా కళ్ళలో నీళ్ళు మిరప ఘాటుకి వచ్చాయనుకుని ఉంటాడు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పొదిలి దగ్గర మా మెట్టచేలో పత్తిని పురుగు తినేశాక గుంటూరు వచ్చి ఒక ప్లీడరు గారి దగ్గర గుమస్తాగా చేరాను. తెలుగులో ఉన్న చట్టం పుస్తకాలన్నీ నాకు నేనే చదువుకున్నాను. ఇంగ్లీషు మాత్రం దేవసహాయం మాస్టారు పెట్టిన భిక్ష. ఆయన మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఓటర్ల జాబితాలో తన పేరు లేకుండా పోయిందని, అర్జీ రాయించుకోవడానికి మా ఆఫీసుకి వచ్చారు. పాత కాగితాల్లోంచి బరువైన ఇంగ్లీషు ముక్కలు ఏరి నేనొక అర్జీ తయారు చేశాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, ఇందులో ఏముందో నీకు తెలుసా అని అడిగారు. తెలుసండీ అని బొంకాను.

"అయితే తెలుగులో చెప్పు."

చెప్పలేకపోయాను.

"నీకు తెలియని మాటలతో నా తరఫున ఎలా అడుగుతావయ్యా?"

ఆయన కోపంగా అన్లేదు. అందుకే బాగా తగిలింది. మర్నాటి సాయంత్రం నుంచి ఆయన గదికి పలకా బలపం పట్టుకున్నవాడిలా వెళ్ళాను. నలభై దాటిన వయసులో. ఆ అర్జీ ఏమైందంటారా? తర్వాతి ఎన్నికల్లోనూ ఆయన పేరు లేదు. లైన్లో రెండు గంటలు నిలబడి, వేలి మీద చుక్క లేకుండా తిరిగొచ్చారు. జాబితా తిరగేసిన పోలింగు గుమస్తా ఆయన ముఖం వంక చూడనైనా లేదు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన రోజులవి. మిర్చి గోదాము మీది గదిలో నాగమణి అనే అమ్మాయి ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. కింది నుంచి లేచే కారం దుమ్ము కీబోర్డుల మీద పేరుకునేది. అక్కడ టైపు చేసిన చేత్తో కళ్ళు నలుపుకున్నవాడు ఏడవకుండా మెట్లు దిగేవాడు కాదు. మాస్టారు రోజూ సాయంత్రం అక్కడ ఒక గంట కూర్చునేవారు. ఏం చేస్తున్నారని అడిగితే, ఒక దేశంలో ఉన్నానన్నారు. నేల లేని దేశం. ఎక్కడెక్కడి మనుషులో కలిసి కంప్యూటర్లో కట్టుకున్నారు. జెండా, రాజ్యాంగం, శాసనసభ, కోర్టు అన్నీ పెట్టుకున్నారు. బొమ్మరిల్లు ఆట ఆడుకునే వయసా మాస్టారూ అని నవ్వాను.

"చేరేటప్పుడు నా పేరొక్కటే అడిగారు కోటేశ్వరరావూ. ఇంకేమీ అడగలేదు" అన్నారు.

నా నవ్వు ఆగిపోయింది. ఊరేది, పేటేది, ఎవరి తాలూకు అని అడిగి, జవాబు విన్నాక కుర్చీ చూపించని మనుషుల మధ్య ఆయన ఎలా నెట్టుకొచ్చారో నాకు తెలుసు. మా వాళ్ళిళ్ళలోనే చూశాను. చూసి ఊరుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నన్నూ ఆ దేశంలో చేర్పించారు. ఆయన్ని అక్కడ శాసనసభకి ఎన్నుకున్నారు. ఆయన చేయించిన చట్టం ఒక్కటే: ప్లీడరు లేకుండా, ఎవరి మాటల్లో వాళ్ళు కోర్టుకి చెప్పుకోవచ్చు. అందులో ప్రతి వాక్యమూ నాకు చదివి వినిపించారు. నాకు అర్థం కానిది కొట్టేసేవారు. "గుమస్తావి, నీ పొట్ట కొడుతున్నానా?" అని నవ్వేవారు.

తర్వాత ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. ఆస్పత్రిలో చేర్చాం. ఆ దేశంలో మూడు నెలలకొకసారి హాజరు తీసేవారు. ప్రతి పౌరుడూ తన పేరు కింద 'ఉన్నాను' అని రాయాలి. మాస్టారు ఆ వారమంతా మంచం మీద ఉన్నారు. నా పేరు కింద నేను రాసుకున్నాను గానీ, ఆయనది ఆయనా మరిచారు, నేనూ మరిచాను. పేరు కొట్టేశారు. రెండు వారాల తర్వాత, హాజరు అయిపోయిందా, జాబితాలో నా పేరుందా అని అడిగారు. ఆయన ముందు మళ్ళీ బొంకే ధైర్యం లేక నిజం చెప్పాను.

"అక్కడా పోయిందా" అని గోడవైపు తిరిగారు.

బతికుండగా ఆ పేరు మళ్ళీ ఎక్కించి చూపించాలనుకున్నాను. నేనే కేసు వేశాను. ఎక్కడో మంచు దేశంలో ఉండే జడ్జి మర్నాడే దాన్ని తీసుకున్నాడు. వాదన ఏడు రోజుల్లో చెప్పుకోవచ్చని కింద రాశాడు. నేనది చదివాను. కానీ మన కోర్టుల్లో గడువు రాసిన రోజున ఏది జరిగింది గనక? వాదన కాగితం మీద రాసుకుని, జేబులో పెట్టుకుని, రోజూ సాయంత్రం వెళ్ళి తెర ముందు కూర్చున్నాను. పేరు పిలిచేదాకా నోరు తెరవకూడదన్నది నా నరాల్లోకి ఇంకిపోయిన మర్యాద.

"రాసింది పంపించెయ్యండి బాబాయ్ గారూ, ఇంకా ఎవరి కోసం?" అంది నాగమణి.

"కోర్టు సంగతులు నీకేం తెలుసమ్మా. మూడుసార్లు పిలుస్తారు" అన్నాను.

ఎనిమిదో రోజున కేసు కొట్టేశారు. పిటిషనరు మాట్లాడలేదట. కావాలంటే మళ్ళీ వేసుకోవచ్చట.

ఆస్పత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడి చెప్పాను. తిడతారనుకున్నాను. "ఏడు రోజులూ పిలుస్తారని కూర్చున్నావా?" అని నవ్వబోయి దగ్గారు. జేబులోని వాదన కాగితం చదవమన్నారు. చదివాను. నాలుగో వాక్యం దగ్గర చెయ్యెత్తి, ఆ మాటకి అర్థమేమిటని అడిగారు. తెలియదన్నాను. కొట్టెయ్యమన్నారు.

"పిలవకుండా కొట్టేసేది కూడా ఒక కోర్టేనా మాస్టారూ?" అన్నాను ఉక్రోషంతో.

"అదిగో, ఆ మాట రాయి. అది నీది."

మళ్ళీ కేసు వేసి అదే రాశాను. ఈసారి ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. మా ఊళ్ళో హంతకుణ్ణయినా మూడుసార్లు పిలిచి చూస్తారు, మీరు జబ్బుపడ్డ మనిషిని ఒక్కసారైనా పిలవలేదు అని రాశాను. తీర్పు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎనిమిదో రోజు మాస్టారు పోయారు. చర్చి వాళ్ళు ఆయన సొంతూరు పొదిలి తీసుకెళ్ళి సమాధి చేశారు. మట్టి అంటిన చెప్పులతోనే నాగమణి దగ్గరికి మెట్లెక్కి ఆ తీర్పు చదివాను. దేవసహాయం గారి పేరు తిరిగి ఎక్కించాలి, ఇకపై మూడుసార్లు పిలవకుండా ఎవరి పేరూ తీసెయ్యకూడదు అని ఉంది. నేను మొదటిసారే నోరు తెరిచి ఉంటే ఆయన ఆ తీర్పు కాగితం చేతిలో పట్టుకుని చదివేవారు. ఈ మాట ఇన్నేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఆయన పోయారని ఆ దేశానికి తెలియజెయ్యలేదు. అంత కష్టపడి ఎక్కించిన పేరు నా చేత్తో తీయించలేకపోయాను. మళ్ళీ హాజరు వచ్చింది. నా పేరు కింద 'ఉన్నాను' అని రాసుకున్నాను. ఆయన పేరు కింద ఖాళీ. ఆ తీర్పు ప్రకారం రోజుకొకసారి పిలిచారు. మొదటి రోజు ఊరుకున్నాను. రెండో రోజూ ఊరుకున్నాను. మూడో రోజు తెర మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో వచ్చింది.

"ఉన్నానని టైపు చేసెయ్యండి బాబాయ్ గారూ" అంది నాగమణి మెల్లగా. "ఎవరొచ్చి చూస్తారు?"

ఆయన పాస్‌వర్డ్ నాకు తెలుసు. వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి కూడా. కానీ ఆయన తరఫున ఏం రాసినా, తెలుగులో చెప్పు అంటారని భయం. నా పేరుతోనే, నాకు తెలిసిన చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో రాశాను: దేవసహాయం గారు చనిపోయారు. ఉంటే పలికేవారు.

రాసి, ఎందుకో లేచి నిలబడ్డాను. నాగమణి కూడా కుర్చీలోంచి లేచింది.

ఆ దేశం తర్వాత ఎప్పుడో ఆగిపోయింది. మా ప్లీడరు గారూ పోయారు. నేను మాత్రం ఇప్పటికీ కోర్టు వరండాలో కూర్చుని, వచ్చినవాళ్ళకి అర్జీలు రాసిపెడతాను. రాసింది వాళ్ళకి చదివి వినిపించి, అర్థం కాలేదన్న మాట కొట్టేస్తాను. ఎవరూ పలకని పేరు చెవిన పడితే మాత్రం లేచి నిలబడతాను.