వెనక బెంచీలో శివానంద్

బీదర్ దగ్గర కమఠాణల పశువులకు సూదులేసుకుంట బతికిన శివానంద్ ఎంపీ అయి ఏడాదైనా, లోక్‌సభ వెనక బెంచీల నోరు తెరవలేదు. మందుల కంపెనీ ఇడిసే మురికినీళ్లు బావుల్ల కలిసి ఊర్లె బర్లు చస్తున్నయని ఇయ్యాల చెప్పాలె. పొద్దుగాలే పార్టీ పెద్ద బెదిరించిండు: "ఆ ముచ్చటెత్తితే మళ్ల టికెట్ రాదు."

స్పీకర్ పేరు పిలిచేసరికి లేచి నిలబడ్డడు. టికెట్ పోతదని మళ్ల కూసుందామనుకున్నడు. కానీ ఆ నీళ్లు తాగి తన చేతుల్లనే పానం ఇడిసిన, ఊర్లె సుందరాబాయి సాదుకున్న బర్రె యాదికొచ్చింది.

"అధ్యక్షా, మందుల కంపెనీ మురికినీళ్లతోని మా ఊర్లె బర్లు చస్తున్నయి. మా బీదర్లనే కాదు, దేశంల కంపెనీల పక్కనున్న ప్రతి ఊరి నీళ్లను పరీక్ష చేయించుండ్రి," అన్నడు.

"అధికారులను పంపుతం," అన్నడు మంత్రి.

శివానంద్ కూసున్నడు. ఎప్పుడూ ముచ్చట్లు చెప్పే, తన పార్టీ పక్క సీటాయన దూరం జరిగిండు. ఇగ టికెట్ రాదని శివానంద్‌కు తెలిసిపోయింది.