రేవులో కూర్చున్న అమ్మ

ఇరవై రెండేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నా ఆయన ఒక్క బిడ్డను కూడా ఎక్కడా వదిలేసి రాలేదు. బండి కదిలించే ముందు వెనక్కి తిరిగి, వేలు ఆడిస్తూ తలలు లెక్కపెడతాడు. అందుకే పిల్లలు ఆయనకు లెక్కల మామయ్య అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వమే.

బడికి సెలవులిస్తేనే ఆయనకు తీరిక. ఆ ఏడు సెలవుల్లో తమ్ముడు పట్టుబట్టి, అమ్మతో సహా రెండు కుటుంబాలనూ ఐదు రోజుల ఓడ ప్రయాణానికి బయల్దేరదీశాడు. ఇద్దరికీ కలిపి పిల్లలు నలుగురు. అమ్మకు డెబ్బై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఓడలో లిఫ్టులూ పొడుగాటి వరండాలూ చూసి, "నీళ్ల మీద ఆస్పత్రి కట్టినట్టుందిరా" అంది.

మూడోనాడు ఓడ ఒక రేవులో ఆగింది. తమ్ముడూ తోడికోడళ్లూ బట్టల కొట్లలో దూరారు. అమ్మా పిల్లలూ ఆయన వంతుకు వచ్చారు. పిల్లలు లైట్‌హౌస్ ఎక్కుతామన్నారు. అమ్మను కింద బెంచీ మీద కూర్చోబెట్టి, "పది నిమిషాల్లో వచ్చేస్తామమ్మా" అన్నాడు.

"నిదానంగా రండి. నేనెక్కడికి పోతాను" అంది ఆవిడ. పైన గాలికి ఎగిరిపోతాయని పిల్లల టోపీలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

దిగేటప్పుడు పిల్లలు వెనకవైపు మెట్లు పట్టారు. ఆ దారి నేరుగా ఓడ దగ్గర తేలింది. ఎక్కబోతూ ఆయన అలవాటుగా వేలెత్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సరిపోయింది.

ఓడ పై అంతస్తులో పిల్లలకు ఐస్‌క్రీం ఇప్పిస్తుంటే మైకులో అమ్మ గది నంబరు చదివారు. ఆ గదిలోని పెద్దావిడ ఇంకా ఓడ ఎక్కలేదట. మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు.

కిందికి వచ్చేసరికి ఓడలో పనిచేసే అమ్మాయి ఒకతె అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది. తమ్ముడు అప్పటికే అక్కడ ఉన్నాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదురా. అన్నయ్య కూర్చోమన్న చోట కూర్చోకుండా కొట్లు చూస్తూ పోయాను. దారి తప్పింది."

ఆవిడ పెద్దకొడుకు వంక చూడలేదు. ఆయన అమ్మ చేతిలోని పిల్లల టోపీలు అందుకున్నాడు.

ఇక అందరికీ అదే వేళాకోళం. నానమ్మ మెడలో గంట కట్టాలన్నారు పిల్లలు. అమ్మ నవ్వి ఊరుకునేది. ఆయన ఎవరినీ వారించలేదు. ఒకసారి అందరితోపాటు తనూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఆయనకు అద్దంలో తన మొహం చూసుకోవాలనిపించలేదు.

చివరిరోజు భోజనాల దగ్గర ఆయన చిన్నకూతురు, "నానమ్మా, ఈసారి కూర్చోమంటే బుద్ధిగా కూర్చోవాలి" అని వేలు ఊపుతూ చెప్పింది.

ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. "నానమ్మ ఎక్కడికీ పోలేదు. నేనే మర్చిపోయి వచ్చేశాను. మిమ్మల్ని లెక్కపెట్టుకున్నాను, ఆవిణ్ణి లెక్కపెట్టలేదు."

తమ్ముడు చెంచా కింద పెట్టేశాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకురా, చల్లారిపోతుంది, తిను" అంది అమ్మ.

భోజనాలయ్యాక ఓడ అంచున ఇద్దరే నిలబడ్డప్పుడు ఆవిడ అడిగింది. "నేనెప్పుడు గుర్తొచ్చానురా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "మైకులో పిలిచాకమ్మా" అన్నాడు తల దించుకుని.

ఆవిడ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. తర్వాత, "పద, మోకాళ్లు లాగుతున్నాయి" అని చెయ్యి చాచింది. గది దాకా ఆ చెయ్యి పట్టుకుని నడిచాడేగానీ, ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.