శుక్రవారం నాటి ఎరుపు

పోయిన ఆదివారం మా ఆయనా నేనూ మెట్రో ఎక్కి ఢిల్లీలో అశోకా రోడ్డుకి ఆంధ్రా భోజనానికి వెళ్ళాం. రిటైరైన దగ్గర్నుంచి నెలకొకసారి ఆయనకి ఇదొక ముచ్చట. నోయిడా నుంచి అంత దూరం వెళ్ళి, వరసలో నిలబడి, ఇంట్లో నేను రోజూ వండే పప్పూ పులుసే తిని, "ఎంతైనా ఇక్కడి రుచే వేరు" అంటారు. నేనైతే ఒక పూట పొయ్యి ముట్టించే పని తప్పించినందుకు మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఆ రోజు మా ఎదుటి కుర్చీల్లో ఢిల్లీ దంపతులెవరో కూర్చున్నారు. ఆవిడ గోంగూర పచ్చడిని ఏమనుకుందో ఏమో, చెంచా నిండా తీసుకుని ఒట్టిదే నోట్లో పెట్టుకుంది. రెండు నిమిషాల్లో మెడ, బుగ్గలు, చెవి తమ్మెలతో సహా ఎర్రబడిపోయాయి. భర్త నీళ్ళ గ్లాసు అందిస్తూ నవ్వుతున్నాడు. మా ఆయన నా వైపు వంగి మెల్లగా, "అదిగో, అమ్మవారు వచ్చేసింది" అన్నారు. ఎనిమిదేళ్ళవుతోంది, ఈ వేళాకోళం ఆయన వదలరు. దాని వెనక ఉన్నది నా కథే కాబట్టి, నేను చెబితేనే బాగుంటుంది.

నేను బడికి వెళ్ళి చదువుకున్న దాన్ని కాను. అమలాపురం అవతల మా ఊరికీ బడికీ మధ్య కాలువ, దాని మీద బల్లకట్టు. ఆడపిల్లని రోజూ బల్లకట్టు ఎక్కించడానికి మా నాన్నగారు ఒప్పుకోలేదు. పంపనన్న పాపానికి ఆయనే పంతులయ్యారు. సాయంత్రం దీపం పెట్టే వేళకి పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి. ఒక ఒత్తు మింగేసినా పేజీ మొదటికి వెళ్ళాల్సిందే. ఆ చదువుకి సర్టిఫికెట్లు లేవు గాని, తెలుగక్షరాల్లో ఉన్నది ఏదైనా సరే తడుముకోకుండా చదవడం మాత్రం వచ్చింది. పెళ్ళయి ఢిల్లీ వచ్చాక పాతికేళ్ళు ప్రభుత్వ క్వార్టర్లలో గడిపాం. ఆ తర్వాత నోయిడాలో ఈ సొసైటీలో ఫ్లాటు కొనుక్కున్నాం. ఇక్కడి ఆడవాళ్ళంతా పొద్దున్నే మెడలో ఐడీ కార్డు వేసుకుని ఆఫీసు క్యాబులెక్కేవాళ్ళు. లిఫ్టులో నన్ను చూసి "నమస్తే ఆంటీ" అని, వెంటనే ఫోనులో ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు. వాళ్ళ మధ్య నాకంటూ ఒక చోటు దొరికింది శుక్రవారం సాయంత్రాలే. తొమ్మిదో అంతస్తులో మా అందరిలోకీ పెద్దావిడ, విజయవాడ పిన్నిగారి ఇంట్లో పదిమందిమి చేరి అమ్మవారి నామాలు పారాయణ చేసేవాళ్ళం. నేను ముందు చదివితే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఇంజనీర్లూ మేనేజర్లూ నా నోటి వైపే చూస్తూ కూర్చునేవారు. ఆ గంటసేపు నేను ఎవరికీ తక్కువ కాను. అది నాకెంత ఇష్టంగా ఉండేదో అప్పట్లో దేవుడి ముందు కూడా ఒప్పుకోలేదు.

ఎనిమిదేళ్ళ క్రితం కార్తీకమాసంలో మొదలైంది. సగం పారాయణ అయ్యేసరికి గుండెల దగ్గర వెచ్చగా ఏదో కదిలి, మెడ మీదుగా పాకి, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు మొహాన ఆవిరి కొట్టినట్టు చెంపలంతా కమ్మేసింది. చదువు ఆపలేదు. తల ఎత్తి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. హారతి అయ్యాక పిన్నిగారు నా గడ్డం పట్టుకుని, "చూశారుటే, ముఖం కుంకం రాసినట్టుంది. అమ్మవారు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే ఉందమ్మా నాకు" అన్నారు. పై వారం కూడా అలాగే అయింది. ఆ పై వారం నన్ను కింద కూర్చోనివ్వలేదు. పీట వేసి, దాని మీద దుప్పటి మడత పెట్టి, చలికాలం కదా అని రూమ్ హీటరు తెచ్చి నా పక్కనే పెట్టారు. పట్టుచీర కట్టుకుని రమ్మన్నారు. వచ్చీ రాగానే పొగలు కక్కే కాఫీ ఇచ్చేవారు. ఇన్ని మర్యాదలు జరిగాక ఎవరి ముఖమైనా ఎర్రబడకేం చేస్తుంది? అప్పుడు నాకా సంగతి తోచలేదు. పారాయణ అయ్యాక ఒకరిద్దరు కాళ్ళకి దణ్ణం పెట్టేవారు. వద్దు వద్దంటూనే పాదాలు వెనక్కి తీసుకోవడంలో కాస్త ఆలస్యం చేసేదాన్ని.

నిజానికి ఆ వేడి శుక్రవారాలకే రావడం లేదు. బెండకాయలు తరుగుతుంటే వచ్చేది, కూరగాయల బండి దగ్గర భయ్యాతో కొత్తిమీర కోసం బేరమాడుతుంటే వచ్చేది. అమ్మవారికి కొత్తిమీర బేరంతో పనేమిటని నాకు తోచకపోలేదు. తోచినా తోసేశాను. ఘాజియాబాద్ నుంచి మా అక్కయ్య, అంటే మా బావగారి భార్య, వచ్చినప్పుడు వంటింట్లో నన్ను చూసి ఇట్టే పట్టేసింది. ఆవిడది మొహమాటం లేని నోరు, మంచి మనసు. "అచ్ఛా, ఇదా నీ దేవతా స్వరూపం? నాకూ అయిదేళ్ళ క్రితం వచ్చింది ఈ దేవత. నెలసరి ఆగిపోయే వయసే అమ్మాయ్ ఇది. డాక్టరుకి చూపించుకుంటే పోయేదానికి పీటలెక్కి కూర్చుంటావేం?" అంది. నాకు చిర్రెత్తి, "నీకు అన్నీ వేళాకోళమే అక్కయ్యా" అని మాట మార్చేశాను.

అక్కడితో అయితే ఈ కథ నా ఒక్కదాని అజ్ఞానంతో సరిపోయేది. మా పారాయణకి వరంగల్ అమ్మాయి ఒకతె వచ్చేది. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, పెద్ద కంపెనీలో ఉద్యోగం, పెళ్ళయి ఆరేళ్ళు. తెలుగు చదవడం సరిగా రాకపోయినా అందరికంటే ముందొచ్చి పూలు సర్దేది. పుష్యమాసంలో ఒక శుక్రవారం లిఫ్టు దగ్గర నన్ను పక్కకి తీసుకెళ్ళి, మెరిసే కళ్ళతో చెప్పింది. "ఆంటీ, నాక్కూడా అయితుంది. మీ లెక్కనే. ముఖం మొత్తం ఎర్రగయితుంది, లోపల్నుంచి వేడి, గుండె దడదడ కొట్టుకుంటది. పండుకున్నా ఆగుత లేదు." అప్పుడు సరిగ్గా చూశాను. రెండు నెలల్లో సగమైపోయింది. జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. బయట నోయిడా అంతా స్వెట్టర్లలో ముడుచుకుని ఉంటే ఈ పిల్ల పొట్టి చేతుల జాకెట్టుతో నిలబడి చెమట తుడుచుకుంటోంది. అంతకు ముందు వారం హారతి పళ్ళెం తనే పట్టుకుంటానని ముందుకొచ్చినప్పుడు దీపం వణికింది. పిన్నిగారు అది చూసి, "ఈ పిల్లక్కూడా వచ్చేసిందర్రా" అని కళ్ళొత్తుకున్నారు.

"డాక్టరుకి చూపించుకున్నావా తల్లీ?" అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, "మా ఆయన పోదాం పోదాం అని జాన్ తింటుండు ఆంటీ. ఆంటీ పోయిన్రా, ఆమె ఊకెనే కూసున్నరు గద, నేనెందుకు పోవాలె అన్న" అంది.

ఆ మాట నన్ను నిలబడిన చోటే నిలబెట్టేసింది. నా పొగరుకి నేను మూల్యం చెల్లించుకోవడం వేరు. ఇంకొకరి బిడ్డ చెల్లించడం వేరు. ఇంటికి వెళ్ళి దేవుడి గూటి ముందు కూర్చుంటే ఒక్క నామం కూడా నోటికి రాలేదు. అప్పటికప్పుడు అక్కయ్యకి ఫోన్ చేశాను. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చింది. ఒకసారైనా "చెప్పానా" అనలేదు, అందుకు ఆవిడకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా సెక్టారు మార్కెట్లో మేడ మీద ఒక బెంగాలీ డాక్టరమ్మ ఉండేది. అందర్నీ దీదీ అనే పిలిచేది. నా ముఖం చూసి ఆవిడ ఆశ్చర్యపోలేదు, ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎంతసేపుంటుంది, చెమట పడుతుందా, గుండె వేగం పెరుగుతుందా, విరేచనాలు అవుతున్నాయా, బరువు తగ్గావా, కారం తింటే ఎక్కువవుతుందా, వేడి కాఫీ తాగితేనో? మద్యం అలవాటుందా అని కూడా అడిగితే, గుమ్మం దగ్గర కూర్చున్న మా ఆయన దగ్గు వచ్చినట్టు నటించారు. ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసి పెట్టావా అంటే గర్వంగా నా నామాల పుస్తకం తీశాను. వెనక పేజీల్లో తారీఖుతో సహా, ఏ నామం దగ్గర వచ్చిందో కూడా రాసుకున్నాను. అక్కయ్య హిందీలో చదివి వినిపించింది. డాక్టరమ్మ విని, "అన్నీ శుక్రవారాలే ఉన్నాయేం? మిగతా రోజులు రాదా?" అంది. వస్తుందన్నాను. "మరి అవి రాయలేదేం?" అంది. నేను నోరు విప్పేలోగా అక్కయ్య, "మిగతా రోజులు చూసేవాళ్ళు లేరు డాక్టర్ సాబ్" అంది.

ముఖం ఎర్రబడటానికి ఒకే కారణం ఉండదని ఆవిడ తీరిగ్గా చెప్పింది. నెలసరి ఆగే వయసులో ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడవడం ఒకటి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం ఒకటి. కొన్ని మాత్రలు, కొన్ని చర్మ జబ్బులు, వేడి, కారం. చాలా అరుదుగా లోపల ఎక్కడో పుట్టిన గడ్డలు కూడా. "అందుకే దీదీ, చూడకుండా ఏదీ అనుకోకూడదు. మంచిదనీ అనుకోకూడదు, చెడ్డదనీ అనుకోకూడదు" అంది. రక్తపరీక్షలకి రాసింది. సంచిలోంచి నా మాత్రల అట్ట తీయించి చూస్తే, వేసవిలో మొదలుపెట్టిన బీపీ మాత్ర కూడా ముఖానికి రక్తం ఎక్కించే రకమేనట. గురువారానికి రిపోర్టులొచ్చాయి. థైరాయిడ్ బాగానే ఉంది. వయసు సగం, మాత్ర సగం, పైన పిన్నిగారి హీటరు. మాత్ర మార్చింది, మిగతాది కొన్నాళ్ళు ఓర్చుకోమంది, మరీ ఇబ్బందైతే దానికీ మందుందని చెప్పింది. వరంగల్ అమ్మాయి లక్షణాలు చెబితే మాత్రం రాస్తున్న కలం ఆపేసింది. "ఆమెను తీసుకురండి. ఆలస్యం చేయకండి" అంది.

ఫోన్లో చెబితే ఆ పిల్ల రాదని నాకు తెలుసు. ఏ పీట మీద కూర్చుని నమ్మించానో అక్కడే చెప్పాలి. మర్నాడు శుక్రవారం నూలుచీర కట్టుకుని వెళ్ళాను. కాఫీ వద్దన్నాను. హీటరు దూరంగా పెట్టించి అందరి మధ్యా చాప మీద కూర్చుని, పుస్తకం తెరవకముందే మొత్తం చెప్పేశాను. బెండకాయల సంగతి, కొత్తిమీర సంగతి, మాత్ర సంగతి. నాకు తెలిసీ చెప్పలేదన్న సంగతి కూడా. పిన్నిగారి ముఖం మాడిపోయింది. "అమ్మవారి కృపని తీసుకెళ్ళి మాత్ర మీద పెట్టేశావా?" అన్నారు. "లేదు పిన్నిగారూ. డాక్టరమ్మ దగ్గరికి నన్ను నడిపించిందే ఆ కృప. దాన్ని ఈ చెంపల మీద వెతుక్కోవడం నా తప్పు" అన్నాను. ఆ రోజు పారాయణ కాస్త పలచగా సాగింది. హారతి కాగానే ఒక్కొక్కరే చెప్పులేసుకున్నారు. ఎవరూ నా కాళ్ళకి దణ్ణం పెట్టలేదు. హాయిగా అనిపించిందంటే మీరు నమ్మాలి.

వరంగల్ అమ్మాయి మాత్రం కదల్లేదు. పూల సజ్జ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అయితే నాది కూడా ఉత్తదేనా ఆంటీ?" అంది చివరికి. నేను పక్కన కూర్చున్నాను. సజ్జ కింద పెట్టి తనే చెప్పింది. "రెండు సార్లు పోయింది ఆంటీ నాకు, మూడో నెలల. ఎవ్వరికి చెప్పలే. అమ్మవారు నా ముఖంలకొచ్చిందంటే ఇంక ఇస్తది అనుకున్న. ఇప్పుడు జబ్బు అంటే ఎట్ల?" చేయి పట్టుకున్నాను. మణికట్టు దగ్గర నాడి పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది. ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు గాని నాకు ఆ క్షణంలో ఏ అనుమానమూ లేదు. "ఉత్తది కాదు తల్లీ. నీ ఒళ్ళు ఏదో చెబుతోంది, మనమే వినలేదు. రేపు పొద్దున్న పది గంటలకి కింద గేటు దగ్గర ఉంటాను. నువ్వు వచ్చేదాకా కదలను" అన్నాను. వచ్చింది. పదిన్నరకి వచ్చింది, కళ్ళు వాచిపోయి, మొగుడితో కలిసి.

డాక్టరమ్మ ఆ అమ్మాయిని రెండు చేతులూ ముందుకి చాచమని, వేళ్ళ మీద ఒక తెల్ల కాగితం పరిచింది. ఫ్యాన్ లేదు, కిటికీ మూసి ఉంది. అయినా కాగితం అంచు సన్నగా వణుకుతూనే ఉంది. మేం నలుగురం ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాం. మూడో రోజుకి రిపోర్టులొచ్చాయి. థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది, గుండె ఇప్పటికే అలిసిపోతోంది, ఇంకొన్ని నెలలు ఇలాగే వదిలేస్తే దెబ్బతినేది అంది. ఆ రెండు సార్లు జరిగినదానికి కూడా ఇదే కారణమై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు అంది. పెద్ద ఆసుపత్రిలో థైరాయిడ్ చూసే డాక్టరుకి రాసిచ్చింది. అక్కడ మందులు మొదలుపెట్టి, కనీసం ఏడాది వాడాలన్నారు. పరీక్షలు సరిగ్గా వచ్చేదాకా పిల్లల మాట తలపెట్టొద్దన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. "ఏడాదంటే ముప్ఫై అయిదు దాటుతది ఆంటీ" అంది అంతే.

ఆ ఏడాదంతా ఆఫీసునుంచి రాగానే మా ఇంటికొచ్చేది. ఊరికే కూర్చుంటే దిగులుపడుతుందని తెలుగు చదవడం నేర్పడం మొదలుపెట్టాను. మొదట్లో వాట్సాప్ కోసం పనికొస్తుందిలే అన్నట్టు కూర్చునేది. ఒత్తులు మింగేస్తే నేను పేజీ మొదటికి పంపేదాన్ని, "మీరు మా మేనేజర్ కంటే జాలిమ్ ఉన్నరు ఆంటీ" అని విసుక్కునేది. రోజూ పుస్తకం మూసేటప్పుడు మాత్రం, "ఇంకెన్ని నెలలు ఆంటీ?" అని అడిగేది. నేను వేళ్ళు మడిచి చెప్పేదాన్ని. మూడో నెలకి చెక్కిళ్ళు నిండాయి. పదకొండో నెలలో చలికి శాలువా కప్పుకుంది, ఆ శాలువా చూసి నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. పిన్నిగారు కూడా ఈలోగా మెత్తబడి, మాత్రలు వేసుకున్నావా అని ఆ పిల్లకి రోజూ ఫోన్ చేసేవారు. తర్వాత ఆ అమ్మాయికి ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్నది ఆమె చెప్పుకోవలసిన కథ. అది నేను చెప్పను. గుండె నిలబడింది, మనిషి నిలబడింది. నా ప్రార్థనలో నేను అడిగింది ఆ రెండే.

ఒక సాయంత్రం పాఠం అయ్యాక పుస్తకం మూసి, నవ్వుతూ ఏదో ఆఫీసు కబురు చెప్పి వెళ్ళిపోయింది. తలుపు వేశాక గాని నాకు తట్టలేదు, ఆమె నెలలు అడగడం ఎప్పుడో మానేసిందని. క్యాలెండరు చూస్తే డాక్టరు ఆగమన్న ఏడాది నిండి అప్పటికే పదకొండు రోజులైంది. రోజూ లెక్కపెట్టిన మేమిద్దరమూ ఆ రోజుని చూడనేలేదు. కాలం మనం కాపలా కాస్తున్నంతసేపూ గడప దాటదు, మనం ఒక అక్షరం మీదకి తల వంచినప్పుడు చప్పుడు చేయకుండా వెళ్ళిపోతుంది.